చెవికి తాళంచెవి

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళున్నారని వింటూనే ఉన్నాం. కానీ ఆవులించినప్పుడల్లా మన చెవికి ఒక తలుపు తెరుచుకుంటుందన్న సంగతి ఎంతమందికి తెలుసు? గుటక వేసినా అంతే. తిరుమల ఘాట్ రోడ్డెక్కుతుంటే చెవులు దిబ్బడవేసి, గుటక మింగగానే టప్పున విడిపోతాయే, అది ఆ తలుపు పనే.

ముక్కు వెనకనుంచి నడిచెవి దాకా పెద్దవాళ్ళలో సుమారు 36 మిల్లీమీటర్ల సన్నని గొట్టం ఉంది. 1564లో అచ్చయిన గ్రంథంలో దాన్ని వర్ణించిన ఇటలీ వైద్యుడు యూస్టేషి పేరే దానికి నిలిచింది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. తెరిచేది ముఖ్యంగా ఒక చిన్న కండరం. దాని ఒక కొస గొట్టం గోడకు అంటి ఉంటుంది. రెండో కొస కొక్కెంలాంటి ఎముక మీదుగా, బావి గిలకమీద చేంతాడులా మలుపు తిరిగి, మెత్తని అంగిలిలో కలుస్తుంది. గుటక వేసినప్పుడు తాడు బిగుస్తుంది, గొట్టం తెరుచుకుంటుంది. అంగిలిని పైకెత్తే మరో కండరం పక్కన సాయం చేస్తుంది. చ, జ, శలు తాలువులో పుడతాయని ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను గాని, చెవికి తాళంచెవి కూడా ఆ పక్కనే ఉందని నేను చదివిన ఏ వ్యాకరణమూ చెప్పలేదు!

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా చెల్లెలి కొడుకు చీలిన అంగిలితో పుట్టాడు. ఏడాది వయసులో ఆపరేషను చేసి కుట్టారు. గండం గడిచిందనుకున్నాం. నాలుగో ఏడు వచ్చినా వాడు పిలిస్తే పలకడు. "పెంకితనం" అన్నారు నాయనమ్మగారు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమేలెండి" అన్నారు పక్కింటివారు. మా చెల్లెలు మాత్రం ఎవరూ చూడకుండా వాడి వెనక నిలబడి గిన్నె మోగించి చూసేదట.

"నరానికేమీ కాలేదమ్మా" అన్నారు చెవి డాక్టరు. చీలిన అంగిలిలో ఆ తాడు కొసకు పట్టు ఉండదు; కుట్టిన తరువాత కూడా కొందరికి చాలదు. గొట్టం తెరుచుకోక, గాలి ఆడక, చెవిపొర వెనక నీరు చేరింది. పసివాళ్ళ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండటం దానికి తోడు. పొరకు చిన్న గాటు పెట్టి, నీరు తీసి, గాలి ఆడటానికి బుల్లి గొట్టం అమర్చారు. కొన్నాళ్ళకు అదే ఊడిపోతుందట; అవసరమైతే మళ్ళీ పెట్టాలట.

మాటల సంగతి ఇంకా నెమ్మదే. "ప" అనబోతే "మ" అంటున్నాడు. ఉచ్చారణ నేర్పే ఆవిడ దగ్గరికి వారానికి రెండుసార్లు తీసుకెళుతున్నారు. మొన్న మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, మిక్సీ వేస్తే వీడు చెవులు మూసుకుంటున్నాడు!"