రంగం వెళ్ళొచ్చామండీ!

మీ ఇంట్లో ఎవరైనా ‘రంగం’ అనగా విన్నారా? శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ వైపు పెద్దవాళ్ళుంటే వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. ఇప్పటి పేరు యాంగోన్. ఒకప్పుడు మన వైపు కుర్రాళ్ళు పనికోసం ఓడెక్కి అక్కడికే పోయేవారు. రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. 1931 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో సగానికి పైగా భారతీయులేనంటే చూడండి మరి!

చిన్నప్పుడు నా తోటి పిల్లలకి మద్రాసు చూడాలని, బొంబాయి చూడాలని సరదా. నాకేమో రంగం! దానికి కారణం మా అమ్మమ్మ. పెళ్ళయ్యాక తాతయ్య వెంట అక్కడికే కాపరానికి వెళ్ళింది. తాతయ్య బియ్యం మిల్లులో గుమాస్తా. రాత్రిళ్ళు వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఆవిడ చెబుతుంటే ఊరంతా నా కళ్ళముందు తిరిగేది. ఓడ ఏట్లోకి రాగానే దూరాన మెరిసే బంగారు గోపురం, గంట కొట్టుకుంటూ పోయే ట్రాములు, బజారంతా తామే నడిపే ఆడవాళ్ళు... వానాకాలంలో కొబ్బరిపాలు, కోడిమాంసం, కాస్త శనగపిండితో పులుసు కాచేది. అక్కడి నూడుల్స్ ఇక్కడ దొరకవు కనక ఉడికించిన సేమియా మీద ఆ పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి, నిమ్మకాయ పిండి పెట్టేది. మా ఇంట్లో దాని పేరు ‘రంగం సేమియా’.

అన్నీ చెప్పే అమ్మమ్మ ఒక్కచోట మాత్రం ఆగిపోయేది. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. జనం చెల్లాచెదరయ్యారు. ఏడాదిన్నర పిల్లతో అమ్మమ్మని దొరికిన ఓడ ఎక్కించి, “లెక్కలు అప్పగించి తరవాతి ఓడకి వచ్చేస్తా” అన్నాడట తాతయ్య. 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి చిక్కింది. లక్షలమంది కొండలు, అడవులు దాటుకుంటూ కాలినడకన మన దేశం దారి పట్టారు. దారిలో పోయినవాళ్ళెందరో! తాతయ్య ఏమయ్యాడో కబురే లేదు. తిథి తెలియదు కనక తద్దినం పెట్టలేదు. 1983లో తను పోయేదాకా అమ్మమ్మ బొట్టు తియ్యలేదు.

ఆ ఏడాదిన్నర పిల్లే మా అమ్మ.

2019 జనవరిలో అమ్మని తీసుకుని బయల్దేరాను. అప్పటికి ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. “ఈ వయసులో ఆవిణ్ణి అంతదూరం తిప్పుతావా?” అని అన్నయ్య కేకలు. “అక్కడేముందమ్మా, సింగపూర్ వెళ్ళండి” అని పిల్లలు. “నాకేం గుర్తుందే అక్కడ?” అంది అమ్మ కూడా. అంటూనే నాలుగు చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుకుంది! మావారు మాత్రం మారుమాట్లాడకుండా టిక్కెట్లు కొని చేతిలో పెట్టారు.

అమ్మమ్మ ఓడలో రోజుల తరబడి చేసిన ప్రయాణం, కలకత్తా నుంచి విమానంలో రెండు గంటల్లోపే అయిపోయింది. గడియారం ఓ గంట ముందుకి తిప్పుకున్నాం, అంతే.

ట్రాములు ఎప్పుడో పోయాయి. డల్హౌసీ వీధి ఇప్పుడు మహాబందూలా రోడ్డు. నడిమధ్యన సూలే పగోడా మాత్రం బంగారురంగులో అలాగే ఉంది. మాకు తెలిసిన గుర్తు అదొక్కటే. ‘సూలేకి నడిచి వెళ్ళేంత దూరంలో మేడమీద గది’ అనేది అమ్మమ్మ. అలాంటి సందులు ఎన్ని ఉన్నాయనుకున్నారు! మేడల మీదనుంచి తాళ్ళు వేలాడుతుంటాయి. పేపరు కుర్రాడు పేపరు తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. ఆడవాళ్ళు బుగ్గలకి థనకా రాసుకుంటారు. మనం గంధం తీసినట్టే ఆ చెట్టు బెరడుని సానమీద అరగదీస్తారు. అమ్మ ప్రతి సందు మొదట్లోనూ ఆగి, మేడలకేసి చూసేది. అడిగితే ఏం చెప్పను? నేనూ చూస్తూ నిలబడేదాన్ని.

అనోరథా రోడ్డులో కాళికాలయం ఉంది. పాతకాలంలో తమిళులు కట్టించింది. అక్కడ పూలమ్మే ఒకావిడ మా మాటలు విని, “ఏ ఊరమ్మా మీది?” అంది. చక్కని తెలుగు! వాళ్ళ తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడట. తను పుట్టి పెరిగిందంతా అక్కడే. “శ్రీకాకుళం పెద్ద ఊరేనా? సముద్రం కనిపిస్తుందా?” అని ఎంత ఆశగా అడిగిందో! నాకు రంగం ఎలాగో ఆవిడకి మన ఊరలాగ. తాతయ్య సంగతి విని, “ష్వేడగాన్‌కి వెళ్ళి, పుట్టిన వారం మూల నీళ్ళు పొయ్యండమ్మా” అని చెప్పింది.

అమ్మమ్మ చెప్పిన బంగారు గోపురం అదే. గుట్టమీద దాదాపు 99 మీటర్ల ఎత్తు. మన గుళ్ళలాగే చెప్పులు విడిచి వెళ్ళాలి. లిఫ్టు ఉండబట్టి అమ్మకి మెట్ల బాధ తప్పింది. గోపురం చుట్టూ వారానికొక మూల, అక్కడ ఒక బుద్ధుడి బొమ్మ. బుధవారాన్ని పొద్దున, మధ్యాహ్నం అని రెండు చేస్తారు కనక మొత్తం ఎనిమిది. ఎవరు పుట్టిన వారం దగ్గర వాళ్ళు బుద్ధుడికి చిన్నగిన్నెతో నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు.

అమ్మ గురువారం పుట్టిందని అమ్మమ్మ చెప్పేది. ఆ మూలకి వెళ్ళి నీళ్ళు పోసింది. గిన్నె కింద పెట్టబోయి ఆగింది.

“మీ తాతయ్య ఏ వారం పుట్టాడే?” అంది.

ఎవరికి తెలుసు? పుట్టిన వారం తెలియదు, పోయిన తిథి తెలియదు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, చెంగు నడుముకి దోపుకుంది. ఆదివారం మూలకి వెళ్ళి నీళ్ళు పోసింది. తరవాత సోమవారం, మంగళవారం... మొత్తం ఎనిమిది మూలలూ తిరిగింది. గురువారం దగ్గర మళ్ళీ పోసింది, ఈసారి వాళ్ళ నాన్నకి. చెయ్యి పట్టుకోబోతే వద్దంది. అన్నీ అయ్యాక పాలరాతి నేలమీద చతికిలబడి, “ఏదో ఒకటి ఆయనదై ఉంటుందిలే” అంది. డెబ్భై ఎనిమిదేళ్ళలో తండ్రి కోసం అమ్మ తన చేత్తో చేసిన పని అదొక్కటే.

2021 ఫిబ్రవరిలో అక్కడ మళ్ళీ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. దేశమంతా పోరాటాల్లో పడింది. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక చూద్దాం, ఇల్లు కట్టాక చూద్దాం అనుకుని ఉంటే, ఇంత వయసులో అమ్మని ఆ దారి పట్టించగలిగేదాన్నా? అందుకే చెబుతున్నాను. మీకూ చిన్నప్పటినుంచి ఒక ఊరు మనసులో ఉంటే, ఆరోగ్యం, అవకాశం కలిసినప్పుడే వెళ్ళి రండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే ఓ నోటుపుస్తకం పట్టుకుని పక్కన కూర్చోండి. ఉన్న ఊళ్ళు, వీధుల పేర్లు, పుట్టిన వారాలు, తిథులు అన్నీ రాసి పెట్టుకోండి. మా అమ్మ తనకి తెలిసినవన్నీ ఇప్పుడు నాచేత రాయిస్తోంది.