నా గుడ్డు నేనే దాచుకున్నా

మా ఇంట్లో పప్పు వండితే ఒక గ్లాసు కందిపప్పు పోస్తాను. తూకం వేస్తే 150 గ్రాములు వచ్చింది. నాలుగు టమాటాలు, కొంచెం చింతపండు, సరిపడా నీళ్లు. ఐదుగురం తింటాం. పోయినేడు వరకు "రోజూ పప్పు తింటున్నాం, ఇంకేం బలం కావాలి" అనుకునేదాన్ని. 100 గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ 22 గ్రాములు ఉంటుంది. అంటే మా గిన్నె మొత్తంలో 33. ఐదుగురికి పంచితే మనిషికి ఆరున్నర. ఇక పప్పుచారు చేసిన రోజైతే గ్లాసు కాదు, అరగ్లాసే పోస్తాం. అప్పుడు మనిషికి మూడు గ్రాములు. మిగతాదంతా నీళ్లు, పులుపు, తాలింపు.

ఈ లెక్క నాకు నలభై ఒక్క ఏళ్లు వచ్చాక, కడుపు కోయించుకున్నాక తెలిసింది.

పోయిన మే నెలలో హైదరాబాద్‌లో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. స్లీవ్ అంటారు. కడుపులో దాదాపు ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. అప్పుడు నేను 112 కిలోలు. షుగర్, మోకాళ్ల నొప్పులు, రాత్రి గురక. ఎందుకు చేయించుకున్నాను, భయం వేయలేదా అని చాలామంది అడుగుతారు. అది ఇంకోసారి రాస్తాను. ఇవాళ రాసేది ఆపరేషన్ తర్వాత పళ్లెంలో ఏముంది అన్నదాని గురించే.

డిశ్చార్జ్ రోజు ఒక కాగితం ఇచ్చారు. మొదట రెండు వారాలు నీళ్లలాంటివి, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటి ముద్దలు. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తిన్న అరగంట తర్వాతే తాగాలి. రోజుకు ప్రోటీన్ కనీసం 60 గ్రాములు. బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ ఎప్పటికీ వాడాలి. ఐరన్, క్యాల్షియం రెండూ ఒకేసారి వేసుకోవద్దు. అన్నీ చదివాను, మా ఆయన ఫ్రిజ్‌కు అంటించారు కూడా. కానీ నా బుర్రలోకి వెళ్లింది ఒక్కటే: తక్కువ తినాలి. పెళ్లయిన దగ్గర్నుంచి అందరూ నాకు చెప్పిన మాట అదే మరి. "జర తక్కువ తినరాదే" అని.

మే నెల నల్లగొండ ఎండ మీకు తెలుసు. 30 మిల్లీలీటర్ల మందు కప్పు చేతిలో పట్టుకుని, పిట్ట తాగినట్టు నీళ్లు తాగుతూ కూర్చునేదాన్ని. లీటరున్నర పూర్తి చేసేసరికి పొద్దుగూకేది. ఆ నెల అంతా నీళ్లతోనే పోయింది.

తర్వాత ఫోన్‌లో క్యాలరీలు రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు 500, ఒకరోజు 550. 600 దాటితే తప్పు చేసినట్టు అనిపించేది. వారం వారం తూకం మిషన్ ఎక్కేదాన్ని. ముల్లు దిగుతుంటే మనసు ఎక్కడికో ఎగిరిపోయేది. పాత జాకెట్లకు లోపల కుట్లు వేయించాను. చుట్టాలు "ఏం తింటున్నవే, గింత సన్నబడ్డవ్" అంటే "ఏం తింటలేను" అని గొప్పగా చెప్పేదాన్ని.

అక్కడే పొరపాటు చేశాను. ఆపరేషన్ అయిన కడుపులోకి సులువుగా జారేవి ఒకటి, ఒంటికి కావలసినవి ఇంకొకటి. రెండూ ఒకటి కావని ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. కోడికూర రెండు ముక్కలు సరిగా నమలకుండా మింగితే రొమ్ము వెనక రాయి పెట్టినట్టు ఉండేది. వెక్కిళ్లు వచ్చేవి, ఒక్కోసారి కక్కేదాన్ని. అదే మురుకులు, బిస్కెట్లు, టీలో ముంచిన రస్కులు, అంబలి చల్లగా జారిపోయేవి. నాకు తెలియకుండానే మాంసం వైపు చెయ్యి పోవడం మానేసింది.

దేవరకద్ర దగ్గర నుంచి మా అమ్మ బస్సులో మేకకాళ్లు తెచ్చి, పొద్దంతా పొయ్యి మీద పెట్టి పాయ చేసింది. "బొక్కల బలం బిడ్డా, తాగు" అని. చల్లారితే గడ్డకట్టే ఆ జిగురు చూస్తే ఎవరికైనా బలమే అనిపిస్తుంది. అది కూడా ప్రోటీనే కానీ ఒంటికి కావలసిన భాగాలన్నీ ఉన్నది కాదు. దాన్ని కండకు లెక్క కట్టుకోలేం. మా అమ్మకు ఇది చెప్పలేదు. చెప్పను కూడా. ఉలవల విషయంలోనూ మనకు ఇంతే. ఉలవలు ఉడికించి, ఆ నీళ్లతో చారు పెట్టుకుని మనం తాగుతాం, గింజలు ఎడ్లకు పెడతాం. ప్రోటీన్ ఎక్కువ గింజల్లోనే ఉంటుంది. ఎడ్లు మనకంటే తెలివైనవి!

జుట్టు మూడో నెల దాటాక రాలడం మొదలైంది. దువ్వెన నిండా వచ్చేది. బరువు వేగంగా తగ్గినప్పుడు కొంత రాలుతుందని కాగితంలోనే ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఇంతలో శ్రావణం వచ్చింది. మా ఇంట్లో శ్రావణమంతా నీచు వండం. మామూలు రోజుల్లోనే సోమవారం, శనివారం గుడ్డు కూడా ముట్టం. అంతకుముందు తిన్న ఆ ఒక్క గుడ్డూ పోయింది. నెల రోజులు పప్పుచారు మూడు చెంచాలు, పెరుగు రెండు చెంచాలు, అర జొన్నరొట్టె. ఇప్పుడు లెక్కేస్తే రోజుకు 20 గ్రాములు కూడా దాటలేదు. తూకం మాత్రం బాగానే దిగుతోంది. 86కు వచ్చాను. దిగుతున్నదాంట్లో కొవ్వు ఎంత, కండ ఎంత అని ఆ మిషన్ చెప్పదు కదా.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దంతా పూలు పేర్చే పనిలో ఏమీ తినలేదు. సాయంత్రం చెరువుకు బయల్దేరే ముందు మలీద ముద్ద ఒకటి నోట్లో వేసుకున్నాను. బెల్లం, రొట్టె, నెయ్యి. ఖాళీ కడుపు. కాసేపటికి గుండె దడదడ. సరే, నడుస్తే పోతుందిలే అని ఆడాను. గంటన్నర గడిచాక చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కళ్లు బైర్లు కమ్మాయి. చప్పట్లు కొడుతూ కొడుతూ కింద కూలబడ్డాను. అంతకంటే సిగ్గు అనిపించింది తర్వాత. లేవబోతే తొడల్లో పట్టు లేదు. నా బిడ్డ, పదో తరగతి పిల్ల, చంకల్లో చేతులు పెట్టి లేపింది. 112 కిలోలు ఉన్నప్పుడు కూడా నేను నేల మీద నుంచి నా అంతట నేనే లేచేదాన్ని.

చుట్టూ మూగిన ఆడవాళ్లలో ఒకరు "చెప్తే వినలే, ఆపరేషన్ ఒద్దంటే" అన్నారు.

పండగ అయ్యాక హైదరాబాద్ వెళ్లాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9, బి12 తక్కువ, ఆల్బుమిన్ కూడా తక్కువే. తీపి తిన్నప్పుడు అది గబుక్కున పేగులోకి జారి, షుగర్ ఒక్కసారి ఎక్కి, తర్వాత ఒక్కసారి పడిపోతుందట. బతుకమ్మ దగ్గర జరిగింది అదే. తొడల్లో పట్టు పోవడం మాత్రం వేరే సంగతి. తిండిలో ప్రోటీన్ రాకపోతే ఒళ్లు తన కండనే తీసుకుని వాడుకుంటుంది. నేను ఫోన్ తీసి 500, 550 అని గర్వంగా చూపించాను. డైటీషియన్ అమ్మాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, "ఇవి సరే అక్కా, గ్రాములు ఏవి?" అంది. ఆరో నెలకు క్యాలరీలు 800 నుంచి 1000 దాకా రావాలని, ఏడాది దాటాక 1200 దరిదాపుల్లో ఉండొచ్చని, ఎప్పుడైనా ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయ, చివర్లో చోటుంటేనే అన్నమో రొట్టో అని చెప్పింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది.

"మీరు ఇంట్లో ఎప్పుడు తింటారు?"

"అందరూ తిన్నాక."

"అప్పటికి ఏం మిగులుతుంది?"

నాకు జవాబు తోచలేదు. కోడికూర వండితే లెగ్ పీసులు పిల్లలకు, మంచి ముక్కలు మా ఆయనకు, మెత్తటివి అత్తమ్మకు. నాకు మెడ, పులుసు. కొర్రమీను తెస్తే నడుమ ముక్కలు వాళ్లకు, తోక నాకు. గుడ్లు నాలుగు ఉడికిస్తే నాలుగూ అయిపోతాయి, ఐదోది ఎందుకో ఉడికించం. ఇందులో ఎవరూ నన్ను తినొద్దన్నది లేదు. వడ్డించేది నేనే. పెద్ద కడుపు ఉన్నప్పుడు ఆ లోటును అన్నంతో నింపేశాను, అందుకే 112 అయ్యాను. చిన్న కడుపు వచ్చాక నింపడానికి చోటు లేదు. అంతే తేడా.

మర్నాడు పొద్దున్నే ఆరు గుడ్లు ఉడికించాను. రెండు నాకని వేరే గిన్నెలో పెట్టి, మూత పెట్టి, మూత మీద పళ్లెం పెట్టాను. దొంగతనం చేసినట్టు అనిపించింది, నవ్వకండి. మా బాబు ఇంకోటి కావాలన్నాడు. గిన్నె వైపు చూశాను. "అయిపోయినయ్" అన్నాను. వాడికి అబద్ధం చెప్పాను. తర్వాత వంటింట్లో నిలబడి తింటుంటే అత్తమ్మ వచ్చి "మొగోళ్లు తినకముందే తింటున్నవా బిడ్డా?" అంది. కోపంతో కాదు, నిజంగానే వింత పడింది. "మందు లెక్క అత్తమ్మా" అన్నాను. మందు అంటే ఒప్పుకుంది. తిండి అంటే ఒప్పుకునేది కాదేమో.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన తిండి పదార్థాల పట్టికలు వేసింది. వాటి సాయంతో, వంటింటి తూకం పెట్టుకుని ఇప్పుడు నా రోజు ఇలా ఉంది. పొద్దున రెండు గుడ్లు, 12. పదకొండింటికి గ్లాసు పాలలో అర చెంచాడు ప్రోటీన్ పౌడర్, 16 (చెంచా అంటే డబ్బాలో వచ్చేది. డబ్బా ధర చూసి మొదట వద్దన్నాను, తర్వాత రెండు పట్టుచీరల బ్లౌజుల కుట్టుకూలీతో పోల్చుకుని ఊరుకున్నాను). మధ్యాహ్నం ఎముక లేని కోడిముక్కలు 60 గ్రాములు, 15. నాలుగింటికి పెసర్ల గుడాలు, ఎండువి 30 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే 7. రాత్రి పనీర్ 50 గ్రాములు, 9, చిన్న గిన్నెలో పెరుగు, 3. మొత్తం 62. అర జొన్నరొట్టె కలుపుకుని క్యాలరీలు 850 లోపే. నీచు తినని రోజు మీల్ మేకర్ 25 గ్రాములు నానబెట్టి ఖీమాలా చేస్తే 13 వస్తుంది. ఈసారి శ్రావణానికి భయం లేదు. ఇది నా ఒంటికి చెప్పిన లెక్క. మీలో ఎవరైనా ఆపరేషన్ చేయించుకుని ఉంటే మీ డాక్టర్ చెప్పినదే పట్టుకోండి.

తూకం చేతిలో ఉంటే ఊరుకోం కదా. ఒకరోజు అత్తమ్మ తిన్నది రాశాను. పొద్దున టీ, రెండు రస్కులు. రెండు పూటలా అన్నం, పచ్చిపులుసు, కొంచెం పప్పు, గ్లాసు మజ్జిగ. 26 గ్రాములు వచ్చింది. ఆమె 55 కిలోలు. ఆపరేషన్ లేని మామూలు మనిషికి కూడా కిలోకు 0.83 గ్రాములు కావాలని పోషకాహార సంస్థే చెప్తుంది, అంటే ఆమెకు 46. ఆమెది మర్రిగూడ వైపు. భగీరథ నీళ్లు రాకముందు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన ఒళ్లు. నడుం వంగదు, మెడ తిరగదు. అది గుడ్డుతో పోయేది కాదని నాకూ తెలుసు. కానీ 26 ఏమిటి? మా బిడ్డది కూడా రాశాను. దాన్ని ఇక్కడ పెడితే అలుగుతుంది. నూడుల్స్, చిప్స్ అని అర్థం చేసుకోండి. మా ఆయనది 70, బాబుది 65. వండేది, వడ్డించేది నేనే. ఈ అంకెలు వేసింది కూడా నేనే అన్నమాట.

అత్తమ్మకు పళ్లు లేవు, కోడి నమలలేదు. గుడాలు మెత్తగా నలిపి ఉల్లిగడ్డ వేసి ఇస్తున్నాను. ముళ్లు తీసిన చేప పెడుతున్నాను. "నాకెందుకు, పిల్లలకు పెట్టు" అని పక్కకు నెట్టేది. నెల రోజులు నెట్టింది. నేను కూడా మొండిగా పెట్టాను. ఒక రాత్రి టీవీ చూస్తూ, నేను పుస్తకంలో రాసుకుంటుంటే అడిగింది.

"నాదెంతయింది ఇయ్యాల?"

"నలభై అత్తమ్మా. ఇంక ఆరు."

"ఆరంటే ఎంత?"

"గ్లాసెడు పాలు."

"అయితే తే, తాగి పంట."