ఎర్ర లైటు ఆరలేదు!

"కారవాన్ లోపల ఎలా ఉంటుందండీ? మంచం ఉంటుందా? హీరోయిన్ అందులోనే నిద్రపోతుందా?"

సినిమా పత్రికలకు రాస్తానని తెలియగానే కుర్రకారు నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే. ఉంటుందండీ, అన్నీ ఉంటాయి. చుట్టూ బల్బులు పెట్టిన అద్దం, సోఫా, ఏసీ, బుల్లి ఫ్రిజ్, టీవీ, బాత్రూం... ఒకప్పుడు అవుట్‌డోర్ అంటే చెట్టు నీడా, మడత కుర్చీ, నెత్తిన గొడుగూనూ. ఇప్పుడు చెట్టు కింద మనలాంటి వాళ్ళమే మిగిలాం.

కానీ ఆ బండిలో అసలు హీరో ఎవరో మీకెవరికీ తెలియదు. సీటు కింద చీకట్లో పడి ఉండే బ్యాటరీ! ఓసారి దాని ప్రాణం నా చేతుల మీదుగానే పోయింది. శిక్ష మాత్రం ఇంకొకరికి పడింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నార్సింగి తెలుసుగా? గచ్చిబౌలి దాటాక, ఔటర్ రింగు రోడ్డు పక్కన, గండిపేట వెళ్ళే దారిలో వస్తుంది. ఒక పక్క కోకాపేట ఆకాశహర్మ్యాలు, ఇంకో పక్క 1908 మూసీ వరద పుణ్యమా అని కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు. మధ్యలో అక్కడక్కడా తోటల్లో ఇళ్ళు. అలాంటి ఒక ఇంట్లో షూటింగు. నేను వెళ్ళింది హీరో కోసం కాదు, అమ్మ వేషాలు వేసే ఒక సీనియర్ నటి ఇంటర్వ్యూ కోసం. ఆమె పేరు ఇక్కడ ఎందుకు రాయడం లేదో చివరికి మీకే అర్థమవుతుంది.

అది శనివారం రాత్రి. ఆదివారం సెలవు, మళ్ళీ సోమవారం పొద్దున్న ఆరింటికి కాల్‌షీట్, అదీ ఇంకో చోట. ప్యాకప్ చెప్పగానే జనరేటర్ వ్యాన్ ఆగిపోయింది. కారవాన్‌లో ఏసీ ఆగింది గానీ చిన్న లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ మంచి ఊపులో ఉన్నారు. "ఇంకో పది నిమిషాలు కూర్చో బాబూ" అన్నారు. నా లాప్‌టాప్ చూస్తే కొన ఊపిరితో ఉంది. చార్జర్ ప్లగ్గులో పెట్టాను, కరెంటు రాలేదు. పక్కనే ఒక స్విచ్ కనిపించింది. నొక్కాను. ఎక్కడో "గుయ్" మంది, ఎర్ర లైటు వెలిగింది, లాప్‌టాప్ ప్రాణం పోసుకుంది. అబ్బో, నా తెలివికి నేనే మురిసిపోయాను!

పది నిమిషాలు గంటయ్యింది. పదింటికి లేచాం. లాప్‌టాప్ సంచీలో పెట్టుకున్నాను, ఫోన్ జేబులో వేసుకున్నాను. చార్జర్ మరిచిపోయాను. ఆ స్విచ్ సంగతి అసలు గుర్తే లేదు. డ్రైవరన్న అప్పటికి భోజనాల దగ్గర ఉన్నాడు. మేం దిగాక వచ్చి, తలుపులకు తాళం వేసుకుని వెళ్ళాడట.

బుధవారం చార్జర్ కోసం ఫోన్ చేశాను. "నా దగ్గరనే ఉంది సార్, వచ్చి తీస్కపోండి" అన్నాడు. వెళ్ళాను. పాత పేపర్లో చుట్టి, చేతిలో పెట్టాడు. అంతే, ఒక్క మాట అనలేదు. పక్కనున్న లైట్‌మన్ ఒకాయన నోరు ఆపుకోలేక చెప్పేశాడు. సోమవారం పొద్దున్న ఐదింటికి బండి స్టార్టవలేదట. తోసే సైజు బండి కాదాయె. ఇంకో బండి బ్యాటరీ తెచ్చి, వైర్లు కలిపి లేపేసరికి రెండు గంటలు ఆలస్యం. అందరి ముందూ డ్రైవర్ని నిలబెట్టి తిట్టారట, రెండు రోజుల బత్తా కోశారట.

నాకు నోట మాట రాలేదు. "నా వల్లేనని ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాను.

"ఏం చెప్పాలె సార్? మీ పేరు చెప్తే మేడమ్ పేరు గూడ వస్తది. పెద్దామెకు మాట ఎందుకు? నా బండి, నేనే చూస్కోవాలె" అన్నాడు.

అయినా నాకొక అనుమానం పీకుతూనే ఉంది. లాప్‌టాప్ లేదు కదా, ఊరికే వేలాడే చార్జర్ అంత పెద్ద బండిని పడగొడుతుందా? ఆ మాటే అడిగితే, నవ్వి, నార్సింగిలోనే ఉన్న ఒక బ్యాటరీ షాపుకి తీసుకెళ్ళాడు. షాపు తాత బండి ఎక్కి, టాంగ్ టెస్టర్ తెచ్చి బ్యాటరీ వైరు చుట్టూ తగిలించాడు. అన్నీ ఆపితే అంకె ఇంచుమించు సున్నా. "ఇప్పుడు నీ స్విచ్ నొక్కు బిడ్డా" అన్నాడు. నొక్కాను. చార్జర్ పెట్టకుండానే ఒకటిన్నర ఆంపియర్ చూపించింది! టీవీ దాని చిన్న లైటుతో, ఇంకేవో డబ్బాలతో కలిపి రెండు ఆంపియర్లు దాటింది.

తాత పాఠం ఇది. జాగ్రత్తగా వినండి, రేపు మీ ఇంటి కారుకీ పనికొస్తుంది.

బండిలో ప్లగ్గులు రెండు రకాలు. ఒకటి తాళంచెవి మాట వింటుంది. చెవి తీస్తే అదీ ఆగిపోతుంది. రెండోది ఎవరి మాటా వినదు. నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటుంది, ఇరవై నాలుగ్గంటలూ మేలుకునే ఉంటుంది. ఫ్రిజ్ ఆగకూడదనీ, దొంగల అలారం పనిచెయ్యాలనీ అలా పెడతారు. తప్పు కాదు. అయితే ఏది ఏ రకమో తెలియాలి. తెలుసుకోవడం తేలిక. చెవి తీసేసి, కాసేపాగి, ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఫోన్ చార్జవుతూనే ఉంటే అది రెండో రకం.

ఇక నేను నొక్కింది ఇన్వర్టర్ స్విచ్. బ్యాటరీలోని 12 వోల్టులను మన ఇళ్ళల్లో ఉండే 230 వోల్టులుగా మార్చే డబ్బా అది. ఎవరూ వాడకపోయినా సరే, ఎప్పుడు అడుగుతారోనని కాచుకుని కూర్చుంటుంది. "చార్జర్ తాగేది చెంచాడు బిడ్డా. దానికోసం మేల్కొని ఉన్న ఇన్వర్టర్ తాగేది చెంబెడు" అన్నాడు తాత.

లెక్క వేశాం. శనివారం రాత్రి పదింటి నుంచి సోమవారం పొద్దున్న ఐదింటికి 31 గంటలు. గంటకి రెండు చొప్పున 62. బ్యాటరీ మీద రాసింది 100. అయితే 38 మిగలాలి కదా అంటారా? నేనూ అదే అన్నాను. అది రెండు ఎండాకాలాలు చూసిన బ్యాటరీ, పేరుకే 100. పైగా మామూలు యాసిడ్ బ్యాటరీని సగానికి మించి తాగకూడదట. నిండుగా ఉంటే 12.7 వోల్టులు, సగమైతే 12.1 దగ్గర, 11.8 దిగితే దాదాపు ఖాళీ. చూశారా, నిండుకీ ఖాళీకీ మధ్య ఒక్క వోల్టు కూడా లేదు! అలా ఖాళీగా వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ నింపినా పూర్తిగా నిండదు. కొత్త లిథియం బ్యాటరీలైతే మరీ దిగిపోకముందే తమంతట తామే కట్టేసుకుంటాయి. బ్యాటరీ బతుకుతుంది గానీ, పొద్దున్నే చీకటి మాత్రం తప్పదు.

నిజానికి కారవాన్‌లో ఇంజనుకి ఒక బ్యాటరీ, లైట్లకీ ఫ్యాన్లకీ ఇంకో బ్యాటరీ ఉండాలి. ఇంటి బ్యాటరీ ఖాళీ అయినా బండి కదులుతుంది. అమెరికాలో, యూరప్‌లో సంసారమంతా బండిలో పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు ఈ పద్ధతే పాటిస్తారు. మన దగ్గరా కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది. రేపు మీరే అలాంటి బండెక్కి హనీమూన్‌కి వెళ్ళొచ్చు! కానీ నేను చెప్పే బండిలో ఖర్చు కలిసొస్తుందని అన్నిటికీ ఒకే బ్యాటరీ పెట్టారు. ఆ పొదుపు ఎవరిదో, కోత ఎవరికి పడిందో చూడండి.

ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నవ్వి, "పోనీండి సార్, బండి చూసుకోవాల్సింది వాడే కదా" అన్నారు. కోసిన బత్తా కోసిందే. ఆ డబ్బు నేనిస్తానంటే డ్రైవరన్న ముఖం ఎర్రబడింది. "నా బత్తా మీరెందుకిస్తరు సార్?" అన్నాడు. మరి నా తప్పు ఎలా తీరేది? తాతే దారి చూపించాడు. బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్. ఒక్క తిప్పు తిప్పితే బండి మొత్తం బంద్. దానికి డబ్బు నేనిచ్చాను. ఈసారి కాదనలేదు.

తర్వాత ఆ పెద్దావిడకి సంగతంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేను పది నిమిషాలన్నందుకా?" అన్నారు చివరికి. మొన్న మళ్ళీ కలిసినప్పుడు, ఇంటర్వ్యూ అవగానే ఆవిడ మొదట అడిగిన మాట "బాబూ, స్విచ్ ఆపావా?"

ఆపాను. రెండుసార్లు చూసి మరీ ఆపాను.

షూటింగ్ చూడ్డానికి మీరూ వెళుతుంటారు. హీరోతో సెల్ఫీ దిగాలంటే ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి, అదీ నిజమే. ఏదో ఒక బండిలో పెట్టుకోండి, తప్పులేదు. కానీ దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే, పొద్దున్నే ఐదింటికి దాని కోసం మాటపడే మనిషి ఒకడుంటాడు. అతని పేరు ఏ టైటిల్స్‌లోనూ పడదు.