పరుల అప్పునకై ఎక్కిన కొండ

"ధర్మమునకు డబ్బు ఈయదలచినవారు ఇచ్చిన చాలును గదా, దానికై అరువదియారేండ్లవాడు కొండ యెక్కుట యెందులకు?" బళ్లారికి తిరిగివచ్చిన పిమ్మట మన సంఘపు మిత్రులు పలువురు నన్నడిగిన ప్రశ్న యిది. ప్రశ్న సమంజసమైనదే. దానికి నాకు తోచిన సమాధానమును ఈ సంచిక పాఠకులకు విన్నవించుకొనుచున్నాను.

2023వ సంవత్సరము వేసవిలో ఇంగ్లండు దేశమున, బ్రాడ్‌ఫర్డు నగరములో కాపురమున్న మా అమ్మాయి యింట మూడు నెలలుంటిని. ఆ నగరముననే 1996లో జాన్ కర్క్‌బీ యను నతడు "క్రిస్టియన్స్ అగెయిన్‌స్ట్ పావర్టీ" అను ధర్మసంస్థను స్థాపించెను. అప్పులలో మునిగినవారికి ఉచితముగా తోడ్పడుట దాని పని. అప్పు తీర్చుకొమ్మని వారు చేతికి సొమ్మీయరు. స్థానికపు చర్చి పక్షమున ఒకరు ఇంటికి వచ్చి, బాధితుని ప్రక్కన కూర్చుండి, ఉన్న కాగితములన్నియు ముందు వేసికొని, ఎవరికెంత చెల్లవలెనో లెక్క తేల్చుదురు. ఇంటి అద్దె, కరెంటు, గ్యాసు, పురపాలక పన్ను ముందు. క్రెడిట్ కార్డుల బాకీలు తరువాత. తిండికి, బట్టకు తీసియుంచగా మిగులు ఎంతయో చూచి, ఋణదాతలతో సంస్థవారే మాటలాడుదురు. ఏమియు మిగులనివారికి చట్టబద్ధమైన దివాలా మార్గమును చూపుదురు. ఏ మతము వారైనను, ఏ మతమును లేనివారైనను ఈ సాయము పొందవచ్చును. ప్రార్థన చేయుదుమా యని అడుగుదురు, వలదన్న మానుదురు.

మా అమ్మాయి పొరుగింటి ఆవిడ ఈ పనిలో స్వచ్ఛంద సేవకురాలు. ఒకనాడు టీ త్రాగుచు ఆమె చెప్పిన మాట నా మనస్సున నాటుకొనెను. తొలిసారి వెళ్లినప్పుడు కొందరు ఒక సంచి తెచ్చి ముందుంచుదురట. దాని నిండ నెలల తరబడి విప్పని కవరులు. విప్పినచో అంకె కనబడునను భయము.

ఆ సంచి నాకు క్రొత్త కాదు. మా తండ్రిగారు బళ్లారి ప్రత్తి బజారులో చిన్న కమీషను వ్యాపారి. 1979లో వారు గతించిన పదునొకండవ నాడు ట్రంకుపెట్టె తెరువగా, ధోవతుల క్రింద నాలుగు ప్రోనోట్ల నకళ్లును, విప్పని రిజిస్టరు నోటీసులు రెండును కనబడెను. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. మా అమ్మకు ఒక్కటియు తెలియదు. అంతకు ముందు ఏడాదిగా వారు కౌల్ బజారు వీధి విడిచి చుట్టుదారిని ఇల్లు చేరెడివారు. ఆ ప్రక్కన గాలి బాగుండునని చెప్పెడివారు. మేము నమ్మితిమి.

తండ్రి అప్పు కొడుకు తీర్చుట ధర్మమని నాటి హిందూ న్యాయము. ఆ ధర్మము పేర కొడుకుపై దావా వేయు హక్కు 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టముతో తొలగినది గాని, అదియు ఆ తరువాతి అప్పులకే. అప్పటికి నేనొక సహకార సంఘములో గుమాస్తాగా చేరి రెండేండ్లు. పగలు పరుల అప్పుల ఖాతాలు వ్రాయుచు, జీతములో మా యప్పు కట్టుచు, పదునొకండేండ్లకు చివరి నోటు చించివేసితిని. "ఈ మాట బయట ఎక్కడా అనవద్దురా" అని మా అమ్మ మాట తీసికొనినది. ఆమె 2015లో పోవువరకు మా యింట ఆ సంగతి ఎవరును ఎత్తలేదు. ఆ తరువాతను ఎత్తలేదు.

ఇక నడక సంగతి. యార్క్‌షైరులో పెన్-ఇ-గెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో అని మూడు కొండలు కలవు. మూడింటిని పండ్రెండు గంటలలో చుట్టివచ్చుట అచ్చటి నడకరుల ముచ్చట. దూరము 24 మైళ్లు. పొరుగింటి ఆవిడ చర్చివారు సంస్థకు చందా సేకరించుటకై ఈ నడకను పూనిరి. యువకులకు మూడు కొండలు. నావంటివారికి 694 మీటర్ల పెన్-ఇ-గెంట్ ఒక్కటియే. నడచువాడు తెలిసినవారి యొద్దకు పోయి, "నేనీ కొండ యెక్కెదను, మీరెంత యిత్తురు?" అని అడిగి పేరు వ్రాయించుకొనవలెను. దాత ఆ దేశమున పన్ను కట్టువాడై ఒక గడిలో గుర్తు పెట్టినచో, ప్రతి పౌండునకు ప్రభుత్వము మరి 25 పెన్నీలు సంస్థకు చేర్చును. ఆ గడి నాలోని గుమాస్తాకు మిక్కిలి నచ్చెను. అచ్చటి తెలుగు కుటుంబములవారును, మా అమ్మాయి ఆఫీసువారును వ్రాసినది 340 పౌండ్లు. "మనకు ఆ మతమువారి పని యెందులకండీ?" అని ఒక పెద్దమనిషి అడిగెను. అప్పునకు మతము లేదంటిని. ఆయన ఇరువది పౌండ్లు వ్రాసెను.

హార్టన్ గ్రామము నుండి బయలుదేరితిమి. సున్నము లేక పేర్చిన రాతిగోడల నడుమ, గొఱ్ఱెలు మేయు పచ్చిక మీదుగా దారి. మన కోటకొండ వలె బోడిబండ కాదు. క్రింద సున్నపురాయి, పైన ముదురు ఇసుకరాయి, మెట్లు మెట్లుగా లేచినది. ఆ పై మెట్టు కడ చేతులూని ప్రాకవలెను. గాలి మనిషిని ప్రక్కకు త్రోయుచుండెను. నా కుడి మోకాలు నిలువనన్నది. వెనుక మా అమ్మాయి, "నాన్నా, ఇక్కడినుంచి దిగిపోదాము, ఎవరూ ఏమీ అనుకోరు" అనినది.

నా ప్రక్కన నడచుచున్న నలువది యేండ్ల స్త్రీ అచ్చట ఊపిరి తీసికొనుటకు నిలిచెను. తానును ఆ సంస్థ సాయముతో క్రిందటి సంవత్సరము ఋణవిముక్తి పొందితినని ఆమె చెప్పెను. రెండేండ్లు తలుపు తట్టిన చప్పుడైనచో దీపమార్పి పిల్లలను మాటలాడవద్దనెడిదట. ఎదుటివారి ముఖము చూడక, రాతిని చూచుచు చెప్పెను. నేనును రాతినే చూచుచు, నలువదినాలుగేండ్లుగా ఎవరికిని చెప్పని ట్రంకుపెట్టె కథ, నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఆమెకు చెప్పితిని. చెప్పుచు చెప్పుచు ఆ మెట్టు ఎక్కితిమి.

శిఖరమున గోడ చాటున కూర్చుండి అటుకులు తినునప్పుడు మా అమ్మాయి అడిగెను: "తాతయ్య చుట్టుదారిన వచ్చేది అందుకేనా?" ఆమె అంతయు వినినది. నేను తల యూపితిని. వడ్డీ ఎంత, ఎన్నేండ్లు, అమ్మమ్మకు ఎప్పుడు తెలిసినది, అన్నియు అడిగెను. చెప్పితిని. దిగువరకు మాకు అదియే మాట.

డబ్బు మాత్రమే కావలసినచో ఇంటి నుండియే పంపవచ్చును. కాని చందా కాగితము పట్టుకొనినవాడు అప్పు అను మాటను ఇంటింట పైకి అనవలెను. ఆ మాట మూతపడియున్నంత కాలము వడ్డీ పెరుగుచునే యుండును. ఇంగ్లండుననే 1824లో చార్లెస్ డికెన్సు తండ్రిని అప్పు కొఱకు మార్షల్‌సీ జైలులో పెట్టిరి. 1869 నాటి చట్టము అట్టి చెరను చాలవరకు మాన్పినది. దీపమార్పి కూర్చుండు చెరను మాన్పుటకు మాత్రము మనిషియే తలుపు తట్టి లోనికి రావలెను. మా తండ్రిగారికి సొమ్ము కంటె ముందు కఱవైనది అట్టి మనిషియే.

గత సంవత్సరము నుండి ప్రతి నెల రెండవ ఆదివారము మన సంఘ భవనపు వెనుక గదిలో నేనును, పదవీ విరమణ చేసిన మరియొక మిత్రుడును ఒక బల్ల వేసికొని కూర్చుండుచున్నాము. అప్పీయము, హామీ యుండము. లెక్క తేల్చి, పోవలసిన చోటు చెప్పుదుము. పేరు ఎచ్చటను వ్రాయము. ఇంతవరకు తొమ్మండుగురు వచ్చిరి. హోసూరు, బరంపురము, యానాములలోని మన సంఘములందు కూడ లెక్క వచ్చిన విశ్రాంత గుమాస్తాలు లేకపోరు. రావలసినవారు తమ కాగితములు తెచ్చుకొనిన చాలును. కవరులు విప్పకున్నను సరే.