పౌండు పెరగదు, వయసు ఆగదు

భీమవరంలో మా పెదనాన్న ఇంటి పక్కనే రిటైరైన హెడ్మాస్టారి ఇల్లు. ఇద్దరూ పింఛనుదారులే. ప్రభుత్వం కరువు భత్యం ప్రకటించినప్పుడల్లా మాస్టారు పేపరు పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వస్తారు. బకాయిలు ఎప్పుడిస్తారోనని కాసేపు విసుక్కుని, ఈసారి ఎంత పెరుగుతుందో లెక్క చెబుతారు. పెదనాన్న అంతా విని ప్రతిసారీ ఒకటే మాట అంటారు: ‘‘మీవాళ్లు ఆలస్యంగానైనా ఇస్తారు మాస్టారూ. మావాళ్లు గడియారమే ఆపేశారు.’’

‘మావాళ్లు’ అంటే బ్రిటన్ ప్రభుత్వం. ఆ గడియారం ఆగింది 2003లో.

పెదనాన్న 1967లో, 29 ఏళ్ల వయసులో, ఓచర్ మీద బర్మింగ్‌హామ్ వెళ్లారు. 1962 నాటి కామన్వెల్త్ వలసదారుల చట్టం కింద పనివాళ్లకు ఇచ్చిన అనుమతి పత్రమే ఆ ఓచర్. ఒక కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా 31 ఏళ్లు పనిచేసి 1998లో ఇంటికొచ్చేశారు. అన్నేళ్లూ ఆయన జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ చందా కోసుకున్నారు. 2003లో 65 నిండగానే పింఛను మొదలైంది. అప్పుడు పూర్తి మూల పింఛను వారానికి 77.45 పౌండ్లు. అది రావాలంటే మగవాళ్లకు 44 ఏళ్ల చందా ఉండాలి. 31 ఏళ్లకు ఆయన వాటా దాదాపు 55 పౌండ్లుగా తేలింది.

ఇవాళ్టికీ అదే 55. బ్రిటన్‌లో పూర్తి మూల పింఛను 2025 ఏప్రిల్ నుంచి 176.45 పౌండ్లయింది. పెదనాన్న బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయి ఉంటే ఆయన వాటా 125 పౌండ్లు దాటేది. తిరిగి సొంతూరు వచ్చినందుకు వారానికి 70 పౌండ్లు జరిమానా అన్నమాట.

ఇది ఏ గుమాస్తా చేసిన పొరపాటో కాదు, నిబంధనే అంత. బ్రిటన్ తన పింఛనును ప్రపంచంలో ఏ మూలకైనా పంపుతుంది. ఏటా ఇచ్చే పెంపును మాత్రం కొన్ని దేశాలకే పంపుతుంది. యూరప్ దేశాల్లో ఉంటే పెరుగుతుంది. అమెరికా, ఇజ్రాయెల్, టర్కీ, ఫిలిప్పీన్స్‌లో ఉన్నా పెరుగుతుంది. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికాలో ఉంటే మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే. ఇలా పింఛను గడ్డకట్టిపోయిన వాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు నాలుగున్నర లక్షల మంది. కరీబియన్‌లో జమైకాకు పెంపు ఉంది, ట్రినిడాడ్‌కు లేదు. ఇందులో తర్కం వెతకబోతే దొరికేది పాత ఒప్పందాల చిట్టా ఒక్కటే. ఏ దేశంతో ఎప్పుడు ఒప్పందం కుదిరిందన్నదే లెక్క. పెంపు ఇచ్చే ఒప్పందాలు కొత్తగా చేసుకోవడానికి బ్రిటన్ దశాబ్దాలుగా సుముఖంగా లేదు. ఆస్ట్రేలియా విసిగిపోయి 2001లో తన సామాజిక భద్రత ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. అయినా బ్రిటన్ కదల్లేదు.

పెదనాన్నతో పాటు అదే కర్మాగారంలో పనిచేసిన గుంటూరు మిత్రుడొకాయన ఉన్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే జీతం, ఒకే చందా. ఆయన రిటైరయ్యాక కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లిపోయారు. ఏటా ఏప్రిల్‌లో ఆయన పింఛను పెరుగుతుంది. పండగలకు ఫోన్ చేసుకున్నప్పుడు ఇద్దరూ పింఛను సంగతి ఎత్తరు. ఆ ఒక్క విషయంలో స్నేహానికి మధ్య సముద్రం ఉంది.

ఈ గొడవ కోర్టులకూ ఎక్కింది. అనెట్ కార్సన్ అనే బ్రిటిష్ మహిళ దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డారు. 2000లో మొదలైన ఆమె పింఛను 67.50 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. అందరిలాగే చందా కట్టిన తనపై ఈ వివక్ష ఏమిటని కేసు వేశారు. 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయారు. మరికొందరితో కలిసి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. 2010 మార్చి 16న అక్కడా ఓటమే. 17 మంది న్యాయమూర్తుల్లో 11 మంది ప్రభుత్వం పక్షాన నిలిచారు. చందా అంటే మన పేరిట దాచుకున్న సొమ్ము కాదు, అది అప్పటి వృద్ధులకు ఖర్చయిపోతుంది, సామాజిక భద్రత ప్రధానంగా ఆ దేశంలో నివసించే వారి కోసమే అన్నది తీర్పు సారాంశం.

ఆ తర్వాత రెండేళ్లకు నేను ఎమ్మే రాజనీతిశాస్త్రంలో చేరాను. క్లాసులో టి.హెచ్. మార్షల్ పాఠం చెప్పారు. మొదట పౌర హక్కులు, తర్వాత రాజకీయ హక్కులు, ఆపై సామాజిక హక్కులు, ఇవన్నీ పౌరసత్వంలో భాగమేనన్నది 1950లో ఆయన ప్రచురించిన వ్యాసం సారాంశం. పరీక్షలో బాగానే రాశాను. కానీ పెదనాన్న పాస్‌బుక్ ముందు ఆ పాఠం తడబడింది. కెనడాలో ఉన్న పుట్టు ఆంగ్లేయుడికీ పెంపు రాదు, కాబట్టి పౌరసత్వం కొలమానం కాదు. ఒకే చందా కట్టిన ఇద్దరికి రెండు రకాల పింఛను వస్తోంది, కాబట్టి చందా కూడా కాదు. మిగిలింది చిరునామా. కట్టించుకునేటప్పుడు మనిషిని చూశారు. పెంచాల్సి వచ్చేసరికి పిన్‌కోడ్ చూస్తున్నారు.

చిరునామా మహిమ ఎంతటిదో 2012లో కళ్లారా చూశాం. లెస్టర్‌లో మనవరాలి పెళ్లికని పెదనాన్న ఆరు వారాలు వెళ్లారు. బ్రిటన్ గడ్డ మీద ఉన్నన్ని రోజులూ కొత్త రేటు అడగొచ్చని ఎవరో చెబితే ఉత్తరం రాశారు. ఆ ఆరు వారాలకూ 55 కాస్తా 76 పౌండ్లయింది. విమానం దిగి భీమవరం చేరగానే మళ్లీ 55. ‘‘అల్లుడి మర్యాద రా అబ్బాయ్. వాళ్లింట్లో ఉన్నన్నాళ్లే’’ అని నవ్వారు. అదే ఒళ్లు, అవే మోకాళ్ల నొప్పులు, అవే బీపీ మాత్రలు. మారింది ఊరు మాత్రమే.

నాకు తెలిసిన ఒక అధికారి దీనికి వేరే లెక్క చెప్పారు. 2003లో పౌండు 75 రూపాయల చుట్టూ ఉండేది, 2025లో 115 చుట్టూ తిరిగింది. నెలకు 18 వేలు వచ్చేచోట 27 వేలు వస్తోంది, భీమవరంలో అది తక్కువా అన్నారు. తక్కువేం కాదు. వృద్ధాప్య పింఛను కోసం ప్రతి నెలా ఎదురుచూసే వాళ్లున్న రాష్ట్రంలో ఆ మాట అనలేం. అయితే రూపాయి పడిపోవడం వల్ల పెరిగింది పెంపు అనిపించుకోదు. ఈ 22 ఏళ్లలో మందులు, పాలు, పనిమనిషి జీతం ఎన్ని రెట్లయ్యాయో ఏ గృహిణిని అడిగినా చెబుతుంది. పైగా ఇది అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం కాదు. అలాగైతే న్యూజెర్సీ కంటే ముందు మీర్పూర్, సిల్హెట్, భీమవరాల్లోని వృద్ధులనే అడగాలి.

ఇంతవరకూ మగవాళ్ల కథ. దీని వెనక ఆడవాళ్ల కథ ఒకటుంది. మా ఇంట్లో నన్ను ఎక్కువ బాధించేది అదే.

పెద్దమ్మ 1944లో పుట్టింది. ఐదో తరగతి దాకా చదివింది. మంచాన పడిన అత్తగారినీ, నాలుగెకరాల వరి చేనునూ, ఇద్దరు పిల్లలనూ చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది. ఇంగ్లండ్ ఎలా ఉంటుందో ఆమెకు ఫొటోల్లోనే తెలుసు. అయినా 2004లో 60 నిండాక ఆమెకూ బ్రిటన్ పింఛను వచ్చింది. పాత నిబంధనల ప్రకారం భర్త చందా మీద భార్య 60 శాతం దాకా అడగొచ్చు. ఆమె బ్రిటిష్ పౌరురాలు కానక్కర్లేదు, అక్కడ ఉండనక్కర్లేదు. పెళ్లయిన రుజువు కావాలన్నారు. 1962 పెళ్లికి రిజిస్ట్రేషన్ ఎక్కడిది? పసుపు మరకలున్న శుభలేఖ, నోటరీ చేసిన అఫిడవిట్, బడి ఇచ్చిన టీసీ పంపారు. నెలల తరబడి ఉత్తరాలు నడిచాక వారానికి దాదాపు 34 పౌండ్లు మంజూరయ్యాయి. అదీ అక్కడే గడ్డకట్టింది. బర్మింగ్‌హామ్‌లో ఉంటే ఇద్దరికీ కలిపి వారానికి 200 పౌండ్లు రావాల్సింది, ఇక్కడ 89 వస్తున్నాయి. అయినా పెద్దమ్మకు అది తన సొంత డబ్బు. చీటీ కట్టినా, కూతురికి చీర పెట్టినా అందులోంచే. ‘‘నా పింఛను’’ అనేటప్పుడు ఆమె గొంతులో ఒక నిబ్బరం వినిపిస్తుంది.

పిన్నికి ఆ నిబ్బరం లేదు. బాబాయి 1980లో వర్క్ పర్మిట్ మీద వెళ్లి 30 ఏళ్లు పనిచేసి 2010లో వచ్చేశారు. 2017లో ఆయన పింఛను మొదలైంది, అదీ అక్కడే ఆగింది. పిన్ని కూడా పెద్దమ్మలాగే పిల్లలతో, పెద్దవాళ్లతో ఇక్కడే ఉండిపోయింది. కానీ ఆమె పుట్టింది 1957లో. బ్రిటన్ 2016 ఏప్రిల్ 6 నుంచి కొత్త పింఛను పద్ధతి తెచ్చింది. 1953 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఆడవాళ్లంతా అందులోకే వస్తారు. ఇందులో ఎవరి చందా వాళ్లదే. సాధారణంగా తన పేరిట కనీసం 10 ఏళ్ల లెక్క ఉండాలి. భర్త చందా మీద వాటా అడిగే దారి మూసేశారు. అంచేత పెద్దమ్మకు వచ్చినట్టు పిన్నికి ఒక్క పౌండు కూడా రాదు.

ఎవరి పింఛను వారిదే అన్న సూత్రం వినడానికి ఆధునికంగా ఉంటుంది. భార్యను భర్త తోకగా చూడని చట్టం మంచిదే. నేనూ ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్‌లో ఉండి పిల్లల్ని పెంచుతూ చైల్డ్ బెనిఫిట్ తీసుకునే తల్లికి ఉద్యోగం లేకపోయినా ఆ ఏళ్లు పింఛను లెక్కలోకి వస్తాయి. పిల్లల పెంపకం కూడా పనేనని ఆ ప్రభుత్వం గుర్తించినట్టే కదా! అదే ప్రభుత్వానికి 30 ఏళ్లు చందా కట్టిన మనిషి పిల్లల్ని పశ్చిమ గోదావరిలో పెంచితే అది లెక్కలోకి రాదు. ఇక్కడ ఈమె ఇంటిని మోసింది కాబట్టే అక్కడ ఆయన ఓవర్‌టైమ్ చేయగలిగాడు.

2025 జూలై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. దానికి తోడుగా సామాజిక భద్రత చందాల గురించి మరో ఏర్పాటుకూ అంగీకరించాయి. కంపెనీ పని మీద తాత్కాలికంగా వెళ్లే ఉద్యోగులు రెండుచోట్లా చందా కట్టనక్కర్లేదు. మన సాఫ్ట్‌వేర్ సంస్థలు సంబరపడ్డాయి. ఆ వార్త చదివి పెదనాన్న నాకు ఫోన్ చేశారు. ‘‘మా ముసలాళ్ల సంగతేమైనా ఉందా అందులో?’’ లేదని చెప్పాను. ఇంకా చందా కట్టని కుర్రవాళ్ల గురించి రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోగలిగాయి. జీవితమంతా కట్టేసిన వాళ్ల గురించి కూడా మాట్లాడుకోవచ్చు. ఢిల్లీ ఈ ప్రశ్నను బల్ల మీద పెడితే పోయేదేమీ లేదు. పెట్టకపోతే మాత్రం అడగడానికి ఆ ముసలాళ్లు మిగలరు.

మొన్న వెళ్లినప్పుడు పెదనాన్న ఇంట్లో లైఫ్ సర్టిఫికెట్ కాగితం బల్ల మీద ఉంది. బతికే ఉన్నానని సాక్షితో సంతకం పెట్టించి పంపాలి, లేదంటే ఉన్న 55 కూడా ఆగుతాయి. పక్కింటి మాస్టారు కళ్లజోడు సవరించుకుని సాక్షి సంతకం పెట్టారు. అందరికీ కాఫీ తెచ్చిన పిన్ని ఆ కాగితం వంక కాసేపు చూసింది. ‘‘నాకు ఇలాంటి కాగితం ఎప్పటికీ రాదంటావా?’’ అని అడిగింది. 1957, 1953, ఏప్రిల్ 6 అంటూ మళ్లీ లెక్క చెప్పబోయాను.

‘‘మా అమ్మ ఇంకో నాలుగేళ్లు ముందు కనాల్సిందిలే’’ అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.