నలుపు వైపు, ఎరుపు వైపు

కొత్త హరికేన్ రబ్బరు మీది ప్లాస్టిక్ పొర తీసి, బ్యాట్‌ని బంతికి ఆనించి మెల్లగా పైకెత్తితే బంతి కూడా దాంతోపాటే లేస్తుంది. రెండు మూడు సెకన్లు అలా అంటుకుని ఉండి, టప్పున పడిపోతుంది. టేబుల్ టెన్నిస్ బంతి బరువు 2.7 గ్రాములే కాబట్టి ఇదేమంత మాయ కాదు. కానీ 2022లో మా డైనింగ్ టేబుల్ మీద మొదటిసారి చేసి చూసినప్పుడు, వంటింట్లో ఉన్న మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. తను చూసి, "దీనికా మూడు వేలు?" అంది.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. కోవిడ్ తర్వాత బరువు పెరిగి, ఇంటి దగ్గర్లో ఉన్న హాల్లో వారానికి మూడు సాయంత్రాలు ఆడటం మొదలుపెట్టాను. చిన్నప్పుడు విజయవాడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నాన్న నేర్పిన ఆట. అప్పట్లో షాపులో బ్యాట్ అంటే రబ్బరు అంటించి అమ్మేదే. చెక్క విడిగా, రెండు వైపులకీ రెండు రకాల రబ్బర్లు విడిగా కొనుక్కోవచ్చని హైదరాబాద్ వచ్చాకే తెలిసింది. ఎంచుకునే వీలుందంటే ఇంజినీరు ఊరుకుంటాడా? ఆడిన గంటల కన్నా రబ్బర్ల గురించి చదివిన గంటలే ఎక్కువయ్యాయి.

ఆడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. బ్యాట్ మీద కనిపించే నలుపు, ఎరుపు రంగుల పైపొర కింద స్పాంజ్ ఉంటుంది. జిగురుతో కలిపి ఒక వైపు మందం 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ కాస్త మందంలోనే ఆట మొత్తం ఉంది. ట్యాకీ రబ్బరులో పైపొర జిగటగా ఉంటుంది, స్పాంజ్ గట్టిగా ఉంటుంది. చైనా కంపెనీ డీహెచ్‌ఎస్ చేసే హరికేన్ 3 దీనికి పెద్ద పేరు. 2016లోనూ, టోక్యోలోనూ ఒలింపిక్ సింగిల్స్ గెలిచిన మా లాంగ్ ఫోర్‌హ్యాండ్ రబ్బరు అదే. 2008లో బటర్‌ఫ్లై తెచ్చిన టెనర్జీది ఇంకో దారి. దాని పైపొర జిగటగా ఉండదు కానీ పట్టు ఉంటుంది, కింద స్పాంజ్ స్ప్రింగులా పనిచేస్తుంది. బంతి లోపలికి దిగి ఎగిరి బయటికొస్తుంది. హైబ్రిడ్‌లు ఈ రెంటికీ పుట్టినవి. పైన కొంచెం జిగట, కింద ఎగిరే స్పాంజ్. డిగ్నిక్స్ 09సీ, టిబార్ కే3, రాజాంటర్ సీ సిరీస్, ఇలా ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీకీ ఒకటుంది. హైబ్రిడ్ అంటే మా ఆఫీసులో మూడు రోజులు అక్కడ, రెండు రోజులు ఇక్కడ. రబ్బరు సంగతీ దాదాపు అంతే.

తేడా తెలియాలంటే మెల్లగా ఒక షాట్, గట్టిగా ఒక షాట్ కొట్టి చూడాలి. హరికేన్‌తో మెల్లగా తాకిస్తే బంతి చచ్చినట్టు పడుతుంది. అందుకే నెట్ దగ్గర పొట్టిగా వేసే బంతులకి, సర్వీసుకి అది బంగారం. గట్టిగా కొడితే మాత్రం స్పాంజ్ మేలుకుంటుంది. బంతి వంపు తిరిగి వెళ్ళి, అవతల పడ్డాక ముందుకి తన్నుతుంది. ఎదుటివాడు బ్లాక్ చేస్తే టేబుల్ దాటి పైకి లేచిపోతుంది. ఈ రెంటికీ మధ్యలో మాత్రం ఏమీ దొరకదు. సగం మనసుతో కొట్టిన బంతి నెట్లోకే. టెనర్జీ లాంటివి సగం కొట్టినా తమ వంతు కలిపి పంపిస్తాయి. కాకపోతే పొట్టిగా వేయాలనుకున్న బంతికీ కొంచెం కలుపుతాయి. వద్దన్నా వడ్డించే అత్తయ్యలాగ.

మొదట రెండు వైపులా హరికేనే వేశాను. నెల తిరగకుండానే బ్యాక్‌హ్యాండ్ చచ్చిపోయింది. కారణం అర్థం కావడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. ఫోర్‌హ్యాండ్‌కి పక్కన బోలెడంత చోటుంది. కాలు నేలని తన్ని, నడుము తిరిగి, భుజం వెనకనుంచి చెయ్యి వస్తుంది. గట్టి స్పాంజ్‌ని నొక్కేంత బలం అక్కడ పుడుతుంది. బ్యాక్‌హ్యాండ్ పొట్ట ముందు ఆడే షాట్. ఉన్నది మోచేయి నుంచి మణికట్టు దాకా, ఒక జానెడు ఊపు. టైమూ తక్కువే. అక్కడ రబ్బరు ఎంతో కొంత సాయం చేయాలి. చైనా ఆటగాళ్ళు చాలామంది ఫోర్‌హ్యాండ్‌కి నల్ల హరికేన్ పెట్టుకుని, బ్యాక్‌హ్యాండ్‌కి జపాన్, జర్మనీ తరహా రబ్బరు ఎందుకు వేసుకుంటారో అప్పుడు వెలిగింది. ఒకే మనిషి, ఒకే చెయ్యి. కానీ రెండు వైపులా బలం ఒకటి కాదు.

బ్యాక్‌హ్యాండ్‌కి ఒక హైబ్రిడ్ వేశాను. ప్రాణం లేచొచ్చింది. ఫోర్‌హ్యాండ్ మాత్రం మార్చలేదు. హాల్లో ఎవరైనా "అది కూడా హైబ్రిడ్ వేసుకోవచ్చుగా?" అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం, హైబ్రిడ్ ఫోర్‌హ్యాండ్ అంటే కష్టపడలేనివాళ్ళకి అనుకునేవాణ్ణి.

ఇది రబ్బర్లతో ఆగే జబ్బు కాదు. అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. పాత రివ్యూలు ఈమధ్య తిరగేస్తే "హాయిగా చదివిస్తుంది" అన్న మాటని మెచ్చుకోలుగా ఒక్కచోటా వాడలేదు. వాడిన ప్రతిసారీ వెనకాల ఒక "కానీ" ఉంది. నన్ను కష్టపెట్టిందే గొప్పదని ఎక్కడ నేర్చుకున్నానో తెలీదు. బహుశా ఇంజినీరింగ్ ఎంట్రన్స్ కోచింగ్‌లో.

నిజానికి ఈ ఆటలో "సాయం తీసుకుంటున్నాడు" అన్న గొణుగుడు పాతదే. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. ఆసియాలో అవే మొదటివి. జపాన్ నుంచి హిరోజి సాతో అనే కళ్ళద్దాల ఆటగాడు స్పాంజ్ బ్యాట్‌తో వచ్చాడు. అప్పటిదాకా దాదాపు అందరివీ స్పాంజ్ లేని గులకల రబ్బర్లు, కొడితే టక్ టక్ మని మోగేవి. సాతో బ్యాట్ చప్పుడు చేయదు, బంతి ఎప్పుడొస్తుందో తెలీదు. సింగిల్స్ టైటిల్ పట్టుకుపోయాడు. స్పాంజ్ ఆటని పాడుచేస్తుందని గొడవ జరిగింది. 1959లో మందానికి హద్దు పెట్టి ఒప్పుకున్నారు. ఇవాళ నేను "అసలైన కష్టం" అనుకుంటున్న హరికేన్ కింద ఉన్నదీ స్పాంజే.

ఇదంతా తెలిసీ మారలేదు. మార్చింది భుజం. 2024 వానాకాలంలో చెయ్యి పైకెత్తితే ఒకచోట కలుక్కుమనేది. షర్టు వేసుకోవడానికి ఎడమచేత్తో సాయం పట్టుకోవాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి నా ఊపు చూపించమని, చూసి, "సర్, మీ కాళ్ళు ఏం చేస్తున్నాయి?" అంది. ఏమీ చేయడం లేదు. రోజంతా కుర్చీలో కూర్చుని వచ్చినవాడి కాళ్ళు మూడో గేముకే మొరాయిస్తాయి. వాటి పనీ నడుము పనీ భుజమే చేస్తోంది. తప్పు రబ్బరుది కాదు. అది అడిగినంత ఇచ్చే ఒళ్ళు నాకు లేదు, అంతే. ఆరు వారాలు ఆట బంద్.

దసరాకి విజయవాడ వెళ్ళాను. నాన్నకి అరవై ఎనిమిది. ఇప్పటికీ సాయంత్రాలు ఆడతాడు. గాలికి బంతి కదులుతుందని ఫ్యాన్లు ఆపేస్తారు, ఉక్క చెప్పనలవి కాదు. ఆ చెమటకి నా హరికేన్ మీద పట్టు పోయి బంతి జారిపోతోంది. నాన్న బ్యాట్ తీసుకుని వేలితో తడిమి, "బెల్లం పాకం పూశావేంట్రా దీనికి?" అన్నాడు. ఆయన బ్యాట్ రబ్బరు ఎప్పుడు మార్చాడో ఆయనకే గుర్తులేదు. దాంతోనే కదలకుండా నిలబడి బ్యాక్‌హ్యాండ్ బ్లాకులతో నన్ను అటూ ఇటూ తిప్పి రెండు గేములు గెలిచాడు.

నేను ఎరిగిన నాన్న ఇలా ఆడేవాడు కాదు. టేబుల్‌కి రెండడుగులు వెనక నిలబడి ఫోర్‌హ్యాండ్ బాదితే చూసేవాళ్ళు గోడకి జరిగేవాళ్ళు. టీ తాగుతూ అడిగాను.

"కొట్టడం ఎప్పుడు మానేశావు నాన్నా?"

"మోకాలు నొప్పి మొదలయ్యాక."

"బాధనిపించలేదా?"

"అనిపించింది. ఏం చేస్తాం? పరిగెత్తే ఆట మానేశా. ఆట మానలేదుగా."

అంతే అన్నాడు. తర్వాత మా అబ్బాయి స్కూలు గురించి అడిగాడు.

హైదరాబాద్ వచ్చి ఫోర్‌హ్యాండ్‌కి 09సీ తెప్పించాను. ఒక్క షీటు ఖరీదు హరికేన్‌కి రెండు రెట్లు దాటింది. మా ఆవిడకి చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. ఇప్పటికి ఏడాది దాటింది కాబట్టి చెప్పగలను. పోయినవి ఉన్నాయి. సర్వీసులో తిప్పుడు కొంచెం తగ్గింది. నెట్ దగ్గర బంతి ఒక వేలెడు ఎక్కువ లేస్తుంది. అన్నీ కుదిరిన రోజున హరికేన్ కొట్టే ఆ బరువైన దెబ్బ దీంట్లో రాదు. దొరికినవీ ఉన్నాయి. ముప్పావు ఊపుతో కొట్టినా బంతి అవతలికి చేరుతుంది. ఆలస్యంగా చేరుకున్న బంతి కూడా బతుకుతుంది. ఐదో గేములో నేనింకా ఆడుతూ ఉంటాను. బ్యాక్‌హ్యాండ్‌కి హైబ్రిడ్ కూడా తీసేసి, జిగట లేని మామూలు రాక్జా 7 వేశాను. బ్లాకుకీ చిన్న ఊపుకీ అదే హాయిగా ఉంది. హాయి అన్న మాట వెనకాల ఈసారి "కానీ" లేదు.

ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇలా చెప్తాను. కాళ్ళు కదిలే వయసుండి, రోజూ ఆడుతూ, ఊపు సరిచేసే కోచ్ ఉంటే ఫోర్‌హ్యాండ్‌కి ట్యాకీ వేసుకోండి. మీ ఊపులో ఉన్న అబద్ధాన్ని అది వెంటనే నెట్లో వేసి చూపిస్తుంది. వారానికి రెండు మూడు సాయంత్రాలు, పొద్దంతా కుర్చీ అయితే ఫోర్‌హ్యాండ్‌కి హైబ్రిడ్. బ్యాక్‌హ్యాండ్‌కి మాత్రం ముందు మెత్తటి, ఎగిరే రబ్బరుతో మొదలుపెట్టండి. చాలదనిపిస్తే అప్పుడు హైబ్రిడ్.

హరికేన్ ఉన్న పాత బ్యాట్‌ని హాల్లో ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయికి ఇచ్చేశాను. వాళ్ళ కోచ్ ఎలాగూ వాణ్ణి ట్యాకీకి మార్చాలనుకుంటున్నాడు. "మీరింక వాడరా అంకుల్?" అన్నాడు. అంకుల్ అన్నందుకు ఒక క్షణం తిరిగి తీసుకుందామనిపించింది. రెండు వారాలు వాడి బంతులన్నీ నెట్లోకే వెళ్ళాయి. మొన్న శనివారం మాత్రం ఒకటి వచ్చింది. మోకాళ్ళు వంచి, నడుము తిప్పి కొట్టాడు. ఎరుపు వైపు అడ్డం పెట్టాను. బంతి నా బ్యాట్‌కి తగిలి, టేబుల్ దాటి, వాడి తల మీదుగా వెళ్ళిపోయింది.

"ఇంకోటి కొట్టు," అన్నాను.