పూరీ కాని పూరీ

గ్రాండ్ కాన్యన్ తూర్పు ద్వారం దాటి సుమారు 30 మైళ్ళు వెళితే కేమరాన్ ట్రేడింగ్ పోస్టు వస్తుంది. 1916 నాటిది. అక్కడి భోజనశాలలో నవాహోల వేపుడు రొట్టె దొరుకుతుంది. ఏ నూనెలో వేయించారో అడిగించాకే అమ్మ ఒక ముక్క తుంచింది. “ఇది మన పూరీయేరా!” అంది.

చూడ్డానికి పూరీయే, కథ వేరు. 1864లో అమెరికా సైన్యం నవాహోలను వందల మైళ్ళు నడిపించి బాస్క్ రెడోండోలో నిర్బంధించింది. పంటలు చేతికిరాని ఆ చోట, రేషనుగా ఇచ్చిన పిండి, కొవ్వులతో పుట్టిందీ రొట్టె అంటారు. 1868లో వాళ్ళు సొంత నేలకి తిరిగొచ్చారు. అది విని అమ్మ మిగిలిన ముక్క పారెయ్యనివ్వలేదు.

డిక్కీలో పులిహోర, ఆవకాయ పెట్టుకు తిరిగే మనం ఇష్టపడి వచ్చినవాళ్ళం. ఇంటిమీద బెంగపుడితే టికెట్టు కొనుక్కుంటాం. వాళ్ళకి ఆ నాలుగేళ్ళూ బెంగ ఒక్కటే ఉంది, దారి లేదు.